మగ్గం వైపు

ఓబుళప్పకు పక్షవాతం వచ్చి, కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయి, మాట కూడా పోయాక, ధర్మవరంలో ఆ వీధి వీధంతా కృష్ణమ్మను మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిందే మరి. మొగుణ్ణి పసిబిడ్డను సాకినట్టు సాకుతోంది. వేణ్ణీళ్లతో ఒళ్లు తుడుస్తుంది, రాగిజావ తాగిస్తుంది, ఏ పూటకాపూట ఉతికిన పంచె కడుతుంది. ఇన్ని చేసే మనిషి ఒక్క పని మాత్రం చేయదు. ఆయన్ని ఎడమపక్కకు తిప్పదు.

ఎందుకు తిప్పదో తెలియాలంటే ముందు ఆ ఇల్లు తెలియాలి. ఉన్నది ఒకటే పొడవాటి గది. నడిమధ్యలో ఓబుళప్ప మంచం. మంచానికి కుడివైపు పొయ్యి, ఎడమవైపు నేలలో గుంట తవ్వి దింపిన గుంటమగ్గం. ఆయన కుడిపక్కకు పడుకుంటే పొయ్యి దగ్గర కృష్ణమ్మ కనబడుతుంది. ఎడమపక్కకు పడుకుంటే మగ్గం కనబడుతుంది. వట్టి మగ్గమే అయితే పేచీ లేదు. మగ్గంలో చౌడమ్మ కూర్చుని ఉంటుంది.

చౌడమ్మది రెండు వీధుల అవతల ఇల్లు. మొగుడు పోయినప్పటి నుంచీ ఓబుళప్ప మగ్గంలోనే కూలికి చేస్తోంది. పట్టుచీరకు పెద్ద అంచు పడాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆయన నేస్తుంటే పక్కన కూర్చుని అంచు పోగు ఉన్న నాడెను అటూ ఇటూ విసిరేది ఆమే. అట్లా ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్నారు. తప్పుడు పని ఏదీ జరగలేదు. ఆ సంగతి అందరికంటే కృష్ణమ్మకే బాగా తెలుసు, మగ్గం ఆమె కళ్లెదుటే కదా ఉంది! ఆమె కడుపుమంట అందుకు కాదు. ఆయన చౌడమ్మతో మాట్లాడేవాడు. పెళ్లాంతో అయితే ‘అన్నం పెట్టు’, ‘నీళ్లు తే’, అంతే. మూడో మాట మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయి. అదే మగ్గంలో దిగితే చాలు, రంగుల సంగతి, జరీ సంగతి, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో ఆ సంగతి, మధ్యమధ్యలో నవ్వులు. ఆ నవ్వు వినబడినప్పుడల్లా కృష్ణమ్మ పొయ్యిలో కట్టె అవసరం లేకపోయినా ఎగదోసేది.

తొంభై ఏడులో ఓబుళప్ప మంచాన పడ్డాడు. చౌడమ్మ ఆయన చోట్లో కూర్చుని చిన్న అంచు చీరలు నేయసాగింది. ఇల్లు గడవాలి కాబట్టి కృష్ణమ్మ కాదనలేకపోయింది. ‘పోనీలే, మాట పోయింది, ఇంక దానితో మాట్లాడలేడు’ అని ఒకనాడు అనుకుని, అంత మాట అనుకున్నందుకు వెంటనే చెంపలు వేసుకుంది. చెంపలైతే వేసుకుంది గాని, లోపల ఒక మూల హాయిగానే ఉంది. ఆయనకు ఇక మిగిలింది చూపు ఒక్కటే. ఆ చూపు తన వైపే ఉండాలని పట్టుబట్టింది. ఆయన బాగున్న ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని వెనక్కి దొర్లబోతే, వీపు వెనక బొంతను చుట్టచుట్టి గట్టిగా దోపింది.

కుడికాలి చీలమండ బయటివైపు, ఎముక పొడుచుకొచ్చే చోట, రూపాయి బిళ్లంత మచ్చ లేచింది. చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. కృష్ణమ్మ ఆముదం రాసి గట్టిగా మర్దనా చేసింది. మచ్చ నల్లబడింది. ఇంకా గట్టిగా రుద్దింది. తర్వాత ఆమెకో ఉపాయం తోచింది. బిందె కింద పెట్టే చుట్టకుదురు తెచ్చి, మెత్తటి గుడ్డ చుట్టి, చీలమండ దాని నడుమ దిగేటట్టు పెట్టింది. చూసినవాళ్లు ‘ఏం తెలివమ్మా’ అన్నారు. ఆమెకూ అట్లాగే అనిపించింది.

కొన్నాళ్లకు చౌడమ్మ నాడె ఆపి ముక్కు ఎగబీల్చింది.

“అక్కా, ఏందో వాసనొస్తాండాది. అన్న కాలు ఒకతూరి సూడు. ఎప్పుడూ ఒకే పక్కన పండబెడతాండావు, ఇంచేపు ఇటు తిప్పరాదా?”

“ఏంటికి? ఇటు తిప్పితే నీ మొగం సూసుకుంటా పండుకుంటాడనా?”

“నా మొగంలో ఏముండాదక్కా సూసేకి?”

“అదే నేనూ అడుగుతాండా. ఇన్నేండ్లు ఏం సూపించి నవ్విస్తివో నువ్వే చెప్పల్ల!”

ఆ మాట వీధిలోకి వినబడింది. చౌడమ్మ మగ్గం గుంటలోంచి పైకి వచ్చి, కొంగు దులుపుకుని, సగం నేసిన చీర సగంలోనే వదిలి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. కృష్ణమ్మ గెలిచినట్టే. మొగుడి ముఖంలోకి చూసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ పూట జావ తాగలేదు, మరునాడు కూడా రెండు గుక్కలకు మించి తాగలేదు.

నల్లమచ్చ పగిలి, లోపల చీము కనబడింది. ఒకరు పసుపు అద్దమన్నారు, ఒకరు కాఫీపొడి కూరమన్నారు. కృష్ణమ్మ రెండూ చేసింది. పుండు లోతుకు దిగుతూనే ఉంది. చివరికి తమ్ముడు హనుమంతుకు కబురు పెట్టింది. అతను పెనుకొండలో జీపు తోలుతాడు. కబురు అందగానే వచ్చి బావను వెనక సీట్లో పడుకోబెట్టి, అక్కనూ ఎక్కించుకుని హిందూపురం బయలుదేరాడు. పెనుకొండలో టీ తాగడానికి ఆపినప్పుడు బావ కాలి మీది గుడ్డ తొలగించి చూసి, టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేశాడు.

“ఇంత అయ్యేదాకా ఏం చేస్తాంటివక్కా?”

“అన్నీ చేస్తినప్పా,” అంది కృష్ణమ్మ. నిజమే. అన్నీ చేసింది, ఒక్కటి తప్ప.

హిందూపురంలో డాక్టరమ్మ పుండు కడిగి, చచ్చిపోయిన తోలు కత్తిరించి, లోతు చూసింది. తర్వాత కృష్ణమ్మ చెయ్యి పట్టుకుని బొటనవేలి గోరు నొక్కింది.

“చూడమ్మా, తెల్లబడింది. వదిలితే మళ్లీ ఎర్రబడింది, రక్తం వచ్చింది కాబట్టి. వదలకుండా నొక్కే పెడితే? రక్తం రాదు. రక్తం రాని కండ చచ్చిపోతుంది. చీలమండ దగ్గర ఎముక మీద తోలే గానీ కండ ఉండదు, అందుకే అక్కడ తొందరగా పుండు పడుతుంది. మనమైతే నిద్రలో కూడా కాలు జరుపుకుంటాం. ఆయన జరుపుకోలేడు.”

మచ్చ లేచిన చోట రుద్దడం తప్పంది. లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుందట. చుట్టకుదురు సంగతి విని, “అది బిందెకు పెట్టుకో తల్లీ, చుట్టూ అదిమిపెడితే నడిమికి రక్తం ఎట్లా వస్తుంది?” అంది. పసుపూ కాఫీపొడీ వద్దు, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, మందు గుడ్డ మూసి కట్టాలి. గుడ్డు, పప్పు, వేరుశెనగ పెట్టాలి, కొత్త కండ తిండిలోంచే పుట్టాలి. పిక్క కింద దిండు పెట్టి చీలమండ దేనికీ తగలకుండా గాలిలో ఉంచాలి.

“అన్నిటికంటే ముఖ్యం, రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎడమపక్కకు తిప్పుతున్నావా?”

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. కృష్ణమ్మ నేలచూపులు చూసింది.

“ఆ పక్క తిప్పితే ఆయాసం వస్తాదమ్మా ఆయనకు.”

డాక్టరమ్మ నర్సును పిలిచింది. ఇద్దరూ కలిసి ఓబుళప్పను ఎడమపక్కకు తిప్పారు. డాక్టరమ్మ ఆయన గుండెకు గొట్టం ఆనించి వింది. ఓబుళప్ప హాయిగా నిట్టూర్చి, ప్రయాణం బడలికకు అట్లాగే నిద్రపోయాడు.

“ఆయాసం ఏమీ లేదే?”

“నేనేం కావాలని చేయలేదమ్మా,” అంది కృష్ణమ్మ. కావాలని చేశావని ఆమెను ఎవరూ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది.

“పుండు ఇంకా ఎముక దాకా పోలేదు. పోతే పాదం తీసేయాల్సి వస్తుంది. మందు నేనిస్తాను. తిప్పాల్సింది నువ్వు.”

ఇంటికి వచ్చాక కృష్ణమ్మ మంచాన్ని చాలాసేపు చూసింది. తలవైపు కాళ్లవైపు చేసి కూడా చూసింది. అప్పుడు ఎడమపక్కకు పొయ్యి వచ్చింది, కుడిపక్కకు మగ్గం పోయింది. ఎట్లా మార్చినా మంచానికి రెండు పక్కలు! మళ్లీ యథాప్రకారం లాగి, బొంత చుట్ట తీసేసి, ఆయన్ని ఎడమపక్కకు తిప్పింది. ఇప్పుడు భయం దేనికి, అక్కడ చౌడమ్మ లేదు కదా.

ఓబుళప్ప కళ్లు తెరిచి ఖాళీ మగ్గం చూశాడు. సగంలో ఆగిన చీర మీద దుమ్ము పడి ఉంది. ఆయన గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. తల అడ్డంగా ఊపుతూ, కుంటికాలు ఈడ్చుకుంటూ ఇటు దొర్లాడు. కట్టు ఊడింది, పుండు పరుపుకు రాసుకుని రక్తం కారింది. ఆమె మళ్లీ తిప్పింది, ఆయన మళ్లీ దొర్లాడు. మరునాడూ అంతే. ఇన్నాళ్లూ ఆయన్ని తనవైపు తిప్పుకోవాలని ఆమె పెనుగులాడింది, ఇప్పుడు ఆయనే తిరుగుతున్నాడు, ఆ తిరగడం కాలిని తినేస్తోంది. కృష్ణమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చింది. ‘పాదం పోయినా సరే, అది మాత్రం ఈ ఇంట్లో అడుగు పెట్టకూడదు’ అని ఒక క్షణం నిజంగానే అనుకుంది. అనుకున్న మాట తనకే వినబడినట్టయి లేచి నిలబడింది. మంచం దగ్గర పక్కింటి ఆమెను కూర్చోబెట్టి, ముఖం కడుక్కుని, రెండు వీధులు దాటింది.

చౌడమ్మ అరుగు మీద ఎవరికో పట్టు చుడుతోంది. రాట్నం ఆపలేదు.

“ఏమక్కా, ఇంత దూరం వస్తివి?”

“ఆయన ఖాళీ మగ్గం సూడలేకుండాడు. నువ్వు రావల్ల.”

“నన్నేమేమి అంటివో గ్యాపకముండాదా?”

“అంతా ఉండాది. నీ మీద నాకు కుళ్లు చౌడమ్మా. నిన్నా ఉండె, ఈ పొద్దూ ఉండాది. రేపు పోతాదని నేను ఒట్టు పెట్టలేను. అయినా రా. రాకుంటే ఆయన కాలు పోతాది.”

చౌడమ్మ అప్పుడు రాట్నం ఆపింది.

“నీకు కుళ్లని వీధికంతా తెలుసులేక్కా. నీకొక్కదానికే తెలీదనుకుంటి,” అని లేచి, చెప్పులు వేసుకుంది.

చౌడమ్మ మగ్గం మీద దుమ్ము దులిపి, గుంటలో కాళ్లు పెట్టి, మొదటి పోగు వేసింది. కృష్ణమ్మ తన చేతులతోనే మొగుణ్ణి అటు తిప్పింది. ఓబుళప్ప మూతి ఎడమసగం మెల్లగా పైకి లేచింది. నవ్వు! కృష్ణమ్మ కడుపులో భగ్గుమంది. మండితే మండనీ అనుకుని, పిక్క కింద దిండు పెట్టి, ఆయన వీపు వెనక కూర్చుని కట్టు విప్పింది. ఆయన అటు తిరిగినప్పుడే చీలమండ పైకి వచ్చి పుండు చేతికి అందుతుంది. అక్కడ ఆయన ముఖం చౌడమ్మకు, ఇక్కడ పుండు తనకు. ఉప్పునీళ్లతో కడుగుతూ, ఎవరిని తిడుతోందో తనకే తెలియకుండా తిట్టుకుంది.

గోడ గడియారం చూసి సరిగ్గా రెండు గంటలకు ఇటు తిప్పేసేది. ఒక్క నిమిషం ఎక్కువ ఇచ్చేది కాదు. తన రెండు గంటలూ ఊరికే పోనివ్వకూడదని ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఉల్లిగడ్డల ధర, తమ్ముడి జీపు రిపేరు, పక్కింటి అత్తాకోడళ్ల రభస, నోటికి వచ్చిందల్లా. ఒకరోజు ఆయన మూతి కదిలింది. నవ్వో ఆవలింతో తేలలేదు. కృష్ణమ్మ నవ్వు కిందే జమ వేసుకుంది.

చలికాలం వచ్చేసరికి చీము తగ్గింది. ఎండలు ముదిరేసరికి పుండు అంచుల నుంచి గులాబీరంగు తోలు లోపలికి పాకి, గుంత పూడింది. హిందూపురం డాక్టరమ్మ చూసి, పాదానికి ఇంక భయం లేదంది. తిప్పడం మాత్రం మానొద్దంది.

ఒక మధ్యాహ్నం ఆయన మగ్గం వైపు తిరిగి ఉండగా, కృష్ణమ్మ పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కునుకు తీసింది. మెలకువ వచ్చి ఉలిక్కిపడి గడియారం చూసింది. రెండు గంటలు దాటి చాలాసేపయింది. మంచం వైపు చూస్తే ఓబుళప్ప ముఖం తనవైపే ఉంది. కళ్లు తెరుచుకుని తననే చూస్తున్నాడు. అవతల మగ్గం చప్పుడు ఆగకుండా వినబడుతోంది.

“ఆయన్ని నువ్వు తిప్పితివా?”

“టైమైపోయిండె. నువ్వు పండుకోనుంటివి,” అంది చౌడమ్మ, తల ఎత్తకుండానే. “నీ పక్కకే తిప్పినాలేక్కా.”

దొంగను పట్టుకున్నట్టు కృష్ణమ్మ మంచం దగ్గరికి నడిచింది. వంగి చూసింది. దిండు పిక్క కిందే ఉంది. చీలమండ దేనికీ తగలకుండా గాలిలో ఉంది. కట్టు నలగలేదు, పంచె మడత పడలేదు. అటూ ఇటూ వెతికింది, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఓబుళప్ప ఆమెనే చూస్తున్నాడు. కృష్ణమ్మ ఆ దిండును ఒకసారి బయటికి తీసి, రెండు తట్లు తట్టి, మళ్లీ అక్కడే పెట్టింది.