తాతగారిని అడగకూడని ప్రశ్న

మెడికల్ కాలేజీలో ఎప్పుడూ ఫస్టు వచ్చే ఆ అమ్మాయికి ఆసుపత్రి వార్డులో అది మొదటి రోజు. రోగిని అడగాల్సిన ప్రశ్నలన్నీ ఇంట్లో వాళ్లమ్మని మంచం మీద పడుకోబెట్టి మరీ బట్టీ పట్టింది. తనంత సిద్ధంగా ఇంకెవరూ లేరని ఆమె ధీమా.

తీరా ఛాతీ నొప్పితో చేరిన తాతగారి ముందు నిలబడేసరికి ఆ ధీమా కాస్తా ఎగిరిపోయింది. అయినా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేసింది.

"ఆకలి ఎలా ఉంది? నిద్ర పడుతోందా? చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?"

తాతగారు కాసేపు ఆలోచించారు. "నాకింకా మొదలవలేదమ్మా."

వార్డంతా గొల్లుమంది. నా ఫస్టు ర్యాంకు తగలెయ్యా అనుకుంటూ ఆమె కూడా తల పట్టుకుని నవ్వేసింది. అందరికంటే ఎక్కువగా నవ్విన తాతగారు ఉన్నట్టుండి "అబ్బా!" అంటూ కుడి డొక్క పట్టుకున్నారు.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "నవ్వితే నొప్పా తాతగారూ?"

"గట్టిగా ఊపిరి పీల్చినా అంతేనమ్మా."

ఈసారి ఆయన చెప్పిందంతా విన్నాకే ఇంకో ప్రశ్న వేసింది.

తర్వాత ప్రొఫెసర్ వచ్చి పరీక్షించి, ఆమె చెప్పినట్టే ఊపిరితిత్తి పొర వాచిందన్నారు. "బాగానే పట్టావే! ఎలా?"

ఆమె చెవులదాకా ఎర్రబడి నేల చూపులు చూసింది. తాతగారు మళ్లీ నవ్వొస్తుందేమోనని దిండు డొక్కకి అదుముకున్నారు.