పది దగ్గర ఆపేశారు

నేను ఒక బ్యూరెట్‌ను. పొడుగాటి గాజు గొట్టాన్ని. ఒంటినిండా కొలత గీతలు, అడుగున తిప్పే మర, దాని కింద సన్నటి ముక్కు. అంబాలాలో నన్ను చేసిన ముసలాయన ఒక్కో గీత పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ఆ మాట ఇక్కడ ఎవరికైనా చెబితే నవ్వుతారు. మొదట ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేశాను. అది మూతపడ్డాక పాలమూరు వైపు ఈ జూనియర్ కాలేజీకి వచ్చిపడ్డాను.

నాలో క్షారం పోస్తారు. కింద ఫ్లాస్కులో ఆమ్లం, అందులో రంగు చూపించే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు. నేను చుక్కచుక్కగా వదులుతుంటే ఆమ్లం పొగరూ క్షారం ఘాటూ ఒకదాన్నొకటి విరగ్గొట్టుకుని, చివరికి ఉప్పూ నీళ్లూ మిగులుతాయి. ఆమ్లం అయిపోయిందనడానికి గుర్తు ఒక్కటే, ఫ్లాస్కంతా లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు నా గీత చూసి రాసుకోవాలి. ఇంతే కదా! ఈ మాత్రం కూడా చెయ్యకపోతే ఒళ్లు మండదా?

చేతకాక కాదు, అక్కర్లేక. ప్రాక్టికల్ పరీక్ష రోజు కెమిస్ట్రీ కుర్మయ్య సారు బల్లల మధ్య తిరుగుతూ చెవుల్లో ఊదుతారు. "పది రాయుండ్రి. అందరూ పదే." ఏటా అదే ఆచారం. ఈసారి పాత ఆమ్లం అయిపోతే ఆయనే కొత్తది కలిపారు, కాస్త గాఢంగా. దానికి క్షారం ఎక్కువ పడుతుంది, అంకె మాత్రం మార్చలేదు. పిల్లలు మర తిప్పారు, పది దగ్గర ఆపేశారు. ఫ్లాస్కుల్లో ఆమ్లం ఇంకా మిగిలే ఉంది. రంగు రాలేదన్న సంగతి ఒక్కరికీ పట్టలేదు.

నా దగ్గర నిలబడ్డ నర్మద మాత్రం పది దాటినా వదులుతూ పోయింది. పన్నెండు పాయింట్ నాలుగు దగ్గర రంగు తిరిగింది. నమ్మకం చాలక మళ్లీ చేసింది. మళ్లీ అంతే. అదే రాసింది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు కళ్లద్దాలు పైకి తోశారు. "అందరికీ పదొస్తే నీకొక్కదానికే ఇదెట్లొచ్చింది? ఫెయిలైతవ్, మార్చు."

ప్రాక్టికల్ పోతే ఏడాది పోతుందని ఆ పిల్లకు తెలుసు. అయినా మార్చలేదు. "మీరొక్కపారి చేసి చూడుండ్రి సార్."

విసుక్కుంటూనే చేశారు. పది దగ్గర ఏమీ లేదు. పన్నెండు పాయింట్ నాలుగు దగ్గర గులాబీ! నేను పొంగిపోయాను, దాచడమెందుకు. ఆయన కుర్మయ్య సారు వైపు చూశారు. సారు నేల చూశారు. ఇక సారును కడిగేస్తారనుకున్నాను.

"ఎందుకొచ్చిన లొల్లి సార్. అందరికీ ఫుల్ మార్కులేద్దాం," అన్నారు ఎగ్జామినరు గారు. కుర్మయ్య సారు ఊపిరి పీల్చుకుని టీ తెప్పించమని కేకేశారు.

నిజానికీ అబద్ధానికీ ఒకే మార్కులా? ఛీ! ఇందుకా ఆ ముసలాయన ఊపిరి బిగబట్టింది?

"మరి ఎవలది కరెక్టు సార్?" అని ఎగ్జామినరు గారిని అడిగింది నర్మద.

"నీకూ ఫుల్లే గద బిడ్డా. ఇంకేం గావాలె? పో."

ఆ పిల్ల గులాబీ రంగు తిరిగిన తన ఫ్లాస్కును తీసుకెళ్లి, ఆయన సంతకాలు పెడుతున్న బల్ల మీద, సరిగ్గా కళ్లెదుట పెట్టి బయటికి నడిచింది. ఇంతలో టీ వచ్చింది. గ్లాసు పెట్టుకోవడానికి చోటు చాలక, ఆయన ఫ్లాస్కును పక్కకు జరిపారు.