సౌండ్ మార్చిపో

"సంజనా, జర ఒచ్చి సౌండ్ మార్చిపో!"

పొద్దున దుకాణం తెరవగానే మా ఆయన తిరుమలేశ్ వేసే కేక ఇది. రాయచూరు బజారులో ముందు మా చీరల దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. సూరత్ నుంచి వచ్చే చీరల వీడియోలను గోడ మీది పెద్ద టీవీలో చూపిస్తారు. నా పాత ల్యాప్‌టాప్‌కి టీవీ తీగ తగిలించగానే బొమ్మ టీవీలోకి పోతుంది, శబ్దం మాత్రం ల్యాప్‌టాప్‌లోనే గొణుగుతూ ఉండిపోతుంది. అందులో ఉన్నది అందరూ వాడే విండోస్ కాదు, లినక్స్. చదువుకునే రోజుల్లో నేనే ఎక్కించుకున్నాను. శబ్దాన్ని టీవీకి మళ్లించడానికి రెండు నొక్కులు చాలు. నేర్చుకోమంటే "నువ్వున్నవు కద" అంటారు. నేనున్నాను. పొయ్యి మీద పోపు మాడుతున్నా నేనున్నాను.

ల్యాప్‌టాప్ ఉండేది గల్లాపెట్టె పక్కన. "ఆడోళ్లు గల్లా కాడ కూసుంటే లచ్చిమి నిల్వదు" అంటారు మా అత్తగారు, తన పేరు సౌభాగ్యలక్ష్మి అయ్యుండీ. అందుకని పక్కన నిలబడి, నడుము వంచి, ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి నొక్కి, వచ్చిన దారినే వెళ్లిపోవాలి. నిజం చెప్పొద్దూ, ఆ కాస్త రాకకే నాకు ప్రాణం లేచొచ్చేది. కవితాళ లాంటి ఊళ్ల నుంచి పెళ్లి చీరలకు వచ్చిన ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడాలని, ఏ అంచు ఎవరికి నప్పుతుందో చెప్పాలని, ఈ దుకాణం నాది కూడా అనిపించుకోవాలని ఎంత ఉండేదో! "పనైంది కద, ఇంట్లకి నడువు" అనేవారు ఆయన, వాళ్ల ముందే.

ఆ మాట ఒకరోజు మరీ గుచ్చుకుంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, ఇక ఆ కేకే వద్దనుకుని ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఇంటి టీవీ ముందు కూర్చున్నాను. దారి ఏదైనా ఉందేమోనని నెట్‌లో వెతికాను. తీగ తగిలిన క్షణంలోనే లినక్స్‌కి ఆ సంగతి తెలుస్తుందట. ఎవరో వచ్చారని లోపల కబురు వెళ్తుందట. కబురు అందగానే ఏం చేయాలో మనం ముందే రాసి పెట్టొచ్చునట. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నేను జ్వరంతో వణుకుతున్నా ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, తీగ తగిలితే ఈ డబ్బాకి తెలుస్తుంది! రాసి పెట్టాను. బొమ్మ వచ్చింది, శబ్దం కదల్లేదు. వెతగ్గా వెతగ్గా తెలిసింది, నా ఆజ్ఞ లినక్స్ 'రూట్' అని పిలిచే యంత్రపు యజమాని పేరుతో నడుస్తోందని. యజమానికి అన్ని అధికారాలూ ఉన్నాయి, కానీ శబ్దం అతని దగ్గర లేదు. అది రోజూ దాన్ని తెరిచి పనిచేసుకునే మనిషి దగ్గర ఉంటుంది. ఆ మనిషి పేరు చెప్పి అడగాలి. ఆ మనిషిని నేనే. సంజన అని రాసి, తీగ తీసి మళ్లీ తగిలించాను. టీవీ గొంతెత్తింది. నోరు తెరుచుకుని అలాగే చూస్తుండిపోయాను. పెళ్లయ్యాక నా పేరు కేకల్లోనే విన్నాను. నా పేరు లేనిదే జరగని పని ఒకటి ఉందని ఇప్పుడు చూశాను. తీగ తీశాను, తగిలించాను, మళ్లీ తీశాను, చిన్నపిల్లలా నవ్వుకున్నాను.

మర్నాడు కేక రాలేదు. టీవీ శబ్దం మాత్రం పరదా దాటి వినిపించింది. కాసేపటికి ఆయన తల లోపలికి పెట్టి, "సంజనా, ఇగ నువ్వు దుకాన్లకి రానక్కర్లే. గా మిషన్ దానంతట అదే బాగైంది" అన్నారు.

కూరగాయలు తరగడం ఆపి కత్తిపీట పక్కన పెట్టాను. నాకున్న ఒక్క దారినీ నా చేత్తో నేనే మూసుకున్నానా? ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమూ వచ్చింది. చేతులు కడుక్కుని పరదా తోసుకుని వెళ్లాను. దుకాణం నిండా పెళ్లివాళ్లు.

"దానంతట అది బాగు గాలే. నేను చేసిన."

"నువ్వా? ఎట్ల?"

"చూపిస్త. నిలబడి చూపిచ్చే పని గాదు. జర జరుగుండ్రి."

పరదా దగ్గర అత్తగారు గట్టిగా దగ్గారు. ఆయన టీవీ వైపు చూశారు, నా వైపు చూశారు, జరిగారు. గల్లా ముందు కూర్చున్నాను. ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. ఎదురుగా ఉన్న పెద్దావిడను అడిగాను:

"పెండ్లి పిల్ల ఎవరక్కా?"