పదీ పది దాటిన ముల్లు

అల్లుడు లెక్క ముందే వేసుకున్నాడు. బడిలో ముప్పై రెండు గదులు. ఈ దేశంలో వేసవికి గడియారాలన్నీ గంట ముందుకూ, చలికాలానికి గంట వెనక్కీ తిప్పాలి. అంటే ఏడాదికి రెండుసార్లు, గంట కలిపే ఆదివారమూ తీసేసే ఆదివారమూ, గదిగదికీ నిచ్చెన మొయ్యాలి. టైము దానంతటదే మార్చుకుని ఆ మోత తప్పించే తన కొత్త గడియారాన్ని ఎవరు కాదంటారు? హెడ్మిస్ట్రెస్ మాత్రం తేల్చి చెప్పింది.

"గంట కలిపే ఆదివారమే పొద్దున తొమ్మిదీ పదికి మీ షాపుకి వచ్చి చూస్తా. దానంతటదే మారితే అన్ని గదులకూ తీసుకుంటా. లేదంటే లేదు."

ఆవిడ రాక నిమిషం తప్పదని అందరికీ తెలుసు.

గడియారం వెనక చిన్న వైఫై చిప్ ఉంది. పది నిమిషాలకోసారి ఇంటర్నెట్‌ని టైమెంతని అడుగుతుంది. ఇంటర్నెట్ లోకమంతటికీ ఒకటే టైము చెబుతుంది. దానికి ఈ ఊరి తేడా ఎంత కలపాలో, ఏ ఆదివారం నుంచి ఇంకో గంట కలపాలో అల్లుడు చిప్‌లో రాసి పెట్టాడు.

చిక్కల్లా అత్తగారితోనే. ఆ గడియారాల షాపు ఆవిడది. ముప్పై ఏళ్లుగా ఆ ఆదివారానికి ముందు శనివారం షాపు మూసే ముందు గోడ గడియారాన్ని గంట ముందుకు తిప్పడం ఆవిడకు అలవాటు. ఈసారీ కొత్త గడియారం పక్కనున్న బటన్ నొక్కేసింది. కాసేపటికి ముల్లు వెనక్కి వచ్చేసింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వచ్చేసింది.

"ఇది నీకంటే మొండిది అల్లుడూ!"

"దాన్నొదిలెయ్యండి అత్తయ్యా, మీకు దండం పెడతా."

ఆదివారం కొత్త గడియారంలో తొమ్మిదీ పది అయింది. హెడ్మిస్ట్రెస్ జాడ లేదు. పదైంది. అల్లుడు ఒక్కో గదినీ మనసులో కొట్టేసుకుంటూ ముప్పై ఒకటో గది దాకా వచ్చాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది.

"చూశారా, చెప్పినట్టే తొమ్మిదీ పది!" చేతి గడియారం చూపిస్తూ ఆవిడ గోడకేసి చూసింది. అమ్మకానికి పెట్టినవన్నీ బ్యాటరీల్లేకుండా పదీ పది దగ్గర ఆగి పళ్ళికిలిస్తున్నాయి. కొత్తదీ పదీ పదే.

"ఇదీ చచ్చిందేగా!"

అల్లుడు ఆవిడ చేతి గడియారాన్నీ గోడనున్న కొత్తదాన్నీ మార్చి మార్చి చూశాడు, సరిగ్గా గంట తేడా. "అత్తయ్యా, మళ్ళీ నొక్కారా?" అంటూ బటన్ మీదికి చెయ్యి చాపాడు.

అత్తగారు ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "ఆగవయ్యా! నిన్న ఆరుసార్లు నొక్కితే ఆరుసార్లూ నా మాట వినలేదు. అంత మొండిది తప్పు చెబుతుందా?"

ముగ్గురూ ముల్లుకేసే చూశారు. ముల్లు కదిలింది. పదీ పదకొండు.

హెడ్మిస్ట్రెస్ సంచిలోంచి ఫోన్ తీసింది. అందులోనూ పదీ పదకొండే.

"అంటే... చేతిది తిప్పడం మరిచిపోయి గంట ఆలస్యంగా వచ్చింది నేనా?" ఆవిడ పకపకా నవ్వేసింది. "పిల్లలకి మాత్రం చెప్పకండి బాబూ! ముప్పై రెండు గదులకీ పెట్టండి. ముందు నా గదికి!"

అల్లుడు ఆనందం పట్టలేక బ్యాటరీల్లేని గడియారాలకు కూడా నమస్కారం పెట్టాడు.

అత్తగారు హెడ్మిస్ట్రెస్ ముందు చెయ్యి చాచింది. "నీ చేతి గడియారం ఇలా ఇవ్వమ్మా. అదైనా నా మాట వింటుందేమో చూద్దాం."

కీ లాగి, తీరిగ్గా, తనివితీరా, గంట ముందుకు తిప్పింది.