నడుమత్త చేతి కింద

ఆ వీధిలో ఎవరికి నడుము పట్టేసినా నడుమత్త తలుపే తట్టేవారు. ఆమెకి అరవై రెండేళ్ళు. మనిషి చూస్తే పిడికెడు. చేతులు మాత్రం ఎవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. ముందుగదిలో ఎత్తు తక్కువ చెక్కబల్ల, దాని మీద పలచటి పరుపు, అంతే ఆమె సరంజామా. వచ్చినవాళ్ళని బోర్లా పడుకోబెట్టి, వెన్ను పొడుగునా బొటనవేళ్ళు నడిపించి, ఒకచోట ఆగి, "ఇదిగో, ఇక్కడ ఎముక పక్కకి జరిగింది" అనేది. ఆ తర్వాత ఒకే ఒక్క నొక్కు. లోపల టక్కుమనేది. "కూర్చుంది, ఇక లే" అనేది. మూలుగుతూ వచ్చినవాళ్ళలో చాలామంది తమంతట తామే వంగి చెప్పులు తొడుక్కుని వెళ్ళేవారు. కొందరికి తగ్గేది కాదు. వాళ్ళ సంగతి ఆమె ఎత్తేది కాదు.

ఆమె అన్న కూతురు వైద్య కళాశాలలో వెన్ను మీద పరిశోధన చేస్తోంది. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి మేనత్త పక్కన చతికిలబడింది.

"అత్తా, ఒక్కసారి మా ల్యాబుకి రావాలి నువ్వు."

"ఎందుకే? నీకూ నడుము పట్టేసిందా?"

"నాకేం కాలేదు. నీ చేతి నొక్కు ఎంతుందో కొలవాలి."

"కొలవడానికి నా చేతులేమన్నా జాకెట్టు గుడ్డలా?" అని కసిరింది గానీ, లోపల ఆమెకి బెదురుగానే ఉంది. అంత చదువుకున్నవాళ్ళ మధ్య నవ్వులపాలైతే? అలాగని వెనకడుగు వేస్తే మేనకోడలు ఏమనుకుంటుంది? మూడు రోజులు నానబెట్టి, నాలుగో రోజు వస్తానంది.

ల్యాబు భవనం అడుగున ఉంది. నేల మీద తీగలు, వాటి మీద టేపులు. గది మధ్యలో బల్ల. దాని కింద బరువు తెలుసుకునే పలక ఉందని కోడలు చెప్పింది. ముందుగా ఒక రబ్బరు బొమ్మ వీపు తెచ్చి పెట్టి, దీన్ని నొక్కి చూపించమంది. నడుమత్త అరచెయ్యి ఆనించి, మూతి విరిచింది.

"దీనికి ఊపిరేదీ?"

"ఊపిరెందుకత్తా?"

"మనిషి గాలి వదిలేశాక, చివర్న కదా నొక్కేది! ఇది వదలదు, పీల్చదు. ఎప్పుడు నొక్కమంటావు మరి?"

కోడలు గబగబా కాగితం తీసి ఆ మాట రాసుకుంది. అది చూశాక నడుమత్తకి కాస్త ధైర్యం వచ్చింది.

బొమ్మని తీసేసి మనిషిని పిలిచారు. ఆ భవనంలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. మూడు వారాలుగా నడుము బిగుసుకుపోయి ఉంది. డాక్టర్లు అన్నీ చూసి, లోపల ప్రమాదమేమీ లేదని తేల్చాకే అతన్ని ఒప్పుకున్నారు. తలుపంత మనిషి. నడుమత్తని కింద నుంచి పైదాకా చూశాడు.

"ఈవిడేనా నొక్కేది?"

"ఏం, సరిపోనా?"

"అబ్బెబ్బే, అలా అని కాదమ్మా..."

"పడుకో నాయనా. లేచాక మాట్లాడుకుందాం."

అతని నడుముకి రెండు వైపులా చిన్న బిళ్ళలు అంటించారు. లోపలి బొమ్మ తీసే స్కానింగు పరికరాన్ని బెల్టుతో బిగించారు. నడుమత్త అవేవీ పట్టించుకోలేదు. వేళ్ళు నడిపించింది, ఆగింది, మణికట్టు దగ్గరి అరచేతి దిమ్మ ఆనించింది, మెల్లగా బరువు దించింది. అతను గాలి వదిలాడు. ఆ చివర్న ఆమె భుజాలు ఒక్కసారి విదిలించినట్టు కదిలాయి. టక్.

తెర ముందు కోడలు నోరు తెరుచుకుని ఉండిపోయింది. "దాదాపు నలభై కిలోల బరువు దింపావత్తా! అదీ సెకనులో ఏడో వంతులో! మాకు నెలలు సాధన చేసినా రావట్లేదు."

నడుమత్త ముసిముసిగా నవ్వింది. "అది సరేగానీ, ఎముక సరిగ్గా కూర్చుందా?"

కోడలు నొక్కకముందు తీసిన స్కాను బొమ్మనీ, నొక్కిన తర్వాత బొమ్మనీ పక్కపక్కన పెట్టింది.

"అత్తా... ఎముక ఇందాక ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. అసలది పక్కకి జరగనే లేదు."

"మరి ఆ టక్కు?"

"ఎముకల మధ్య కీలులో జిగటగా నీరుంటుంది. ఒక్కసారిగా కీలు విచ్చుకుంటే ఆ నీటిలో గాలి బుడగ పుడుతుంది. ఆ చప్పుడే అది."

నడుమత్త మొహం మాడిపోయింది. "అంటే నలభై ఏళ్ళుగా నేను జనానికి అబద్ధాలు చెప్పానంటావా?"

బల్ల మీద నుంచి గొంతు వినిపించింది. "అమ్మా, నేనిక లేవచ్చా?"

"ఉండు!" అన్నారిద్దరూ ఒకేసారి.

బిళ్ళలూ బెల్టూ విప్పాక అతను లేచాడు. భయం భయంగా వంగాడు. చేతులు మోకాళ్ళు దాటి కిందికి పోయాయి. "ఇదేంటిది! వంగుతోందే!"

"చూశావా!" నడుమత్త కోడలి వైపు తిరిగింది. "ఎముక జరక్కపోతే మరి ఇదెలా వచ్చింది?"

"అదే ఇప్పుడు చూపిస్తా. రా, కూర్చో."

ఆ రెప్పపాటు నొక్కుని కోడలు నిమిషం పొడవున సాగదీసి నడిపించింది. బూడిదరంగు తెర మీద మొదట చర్మం కుంగింది. దాని కింద కొవ్వు, ఆ కింద కండని కప్పిన తెల్లటి పొర. ఆ కిందంతా చారలు చారలుగా కండలు. కదలిక ఒక పొర నుంచి ఇంకో పొరకి అలలా దిగింది. పొరలు ఒకదాని మీద ఒకటి జారాయి, పట్టుబట్టలు జారినట్టు. అల అడుగుదాకా వెళ్ళింది. అక్కడ తెల్లగా మెరుస్తున్న ఎముక అంచు బియ్యపుగింజ మందం కూడా ఉండనంత ఒరిగి, మళ్ళీ తన చోటికి వచ్చేసింది.

నడుమత్త తెర దగ్గరికి జరిగింది. నలభై ఏళ్ళు వీపుల్ని పైనుంచి చూసింది. ఇంత లోకం తన అరచేతి కింద కదులుతోందని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

"ఇంకోసారి వెయ్యి."

వేసింది. "ఇంకోసారి." అలా పదకొండుసార్లు.

తర్వాత కోడలు ఒక గీత చూపించింది. బిళ్ళలు పట్టుకున్న కండల అలజడి అది. నొక్కకముందు ముళ్ళకంచెలా ఉంది. నొక్కినప్పుడు ఒక్కసారి ఎగిసిపడింది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా తగ్గుతూ సన్నగా సాగిపోయింది.

"కండ బెదిరి బిగుసుకుంది. నీ నొక్కుకి లోపలి నరాలు ఉలిక్కిపడ్డాయి. అప్పుడు కండ పట్టు వదిలిందని మేం అనుకుంటున్నాం. కొందరిలో ఇలా జరుగుతుంది, కొందరిలో ఏ మార్పూ ఉండదు. ఇతనికి రేపు మళ్ళీ పట్టేసినా పట్టేయొచ్చు."

"ఎందుకని కొందరికే?"

"తెలీదత్తా."

"మీకు కూడా తెలీదా? ఇన్ని తీగలు పెట్టుకుని?"

"తెలీదు."

తగ్గకుండానే వెళ్ళిపోయినవాళ్ళ మొహాలు నడుమత్తకి వరసగా గుర్తొచ్చాయి. తన చేతిలోనే ఏదో లోపముందని ఇన్నాళ్ళూ లోలోపల కుమిలింది. మెకానిక్ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. 

మర్నాడు పొద్దున ఇస్త్రీ పనిచేసే ఆవిడ నడుము పట్టుకుని వచ్చింది. "అత్తా, ఎముక మళ్ళీ జరిగింది, కూర్చోబెట్టు."

"ఎముక ఎక్కడికీ పోలేదమ్మా. గట్టిగా తన చోటే ఉంది. కండ బెదిరింది, అంతే."

ఆవిడ అనుమానంగా చూసింది. "అయితే నొక్కవా?"

"నొక్కుతా. తగ్గితే సంతోషం. రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా."

ఆవిడ పడుకుంది. ఊపిరి వదిలింది. టక్. "ఇక లే" అనాల్సిన చోట నడుమత్త ఆ మాట అనలేదు. అరచెయ్యి తియ్యకుండా, బరువు పెట్టకుండా, చర్మానికి ఆనీ ఆననట్టు ఉంచింది. కింద ఏదో చిన్నగా అదిరింది. మళ్ళీ అదిరింది. తర్వాత మంచు కరిగినట్టు మెత్తబడడం మొదలైంది. ఇదంతా రోజూ జరుగుతూనే ఉందా? తనే చెయ్యి తీసేసేదా?

"ఏమైందత్తా? అయిపోయిందా?"

"ష్..." అంది నడుమత్త. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మాట్లాడకు. సర్దుకుంటోంది."