లేబుల్ మీద ఉన్నదానికంటే ఎక్కువ

సీలు ఆ ఉదయమే విప్పిన కొత్త బ్యాటరీ, లేబుల్ మీద రాసినదానికంటే ఎక్కువ కెపాసిటీ చూపించింది. కంపెనీవాళ్లు చెయ్యి జారి రెండు చుక్కలు ఎక్కువ పోసినట్టున్నారని మా బావమరిది నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తక్కువ వస్తే బ్యాటరీని అనుమానిస్తాం. ఎక్కువ వస్తే అనుమానించాల్సింది కొలిచేదాన్ని.

దుకాణం అతనిది. మా ఆవిడ పోయాక నేను ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోకుండా, సాయానికి మనిషి దొరకడం లేదని అబద్ధమాడి నన్ను ఆ బల్ల దగ్గరికి తెచ్చాడు. కాలేజీలో చదివిన ఫిజిక్సు ఈ వయసులో అలా పనికొచ్చింది. పాత బ్యాటరీలను పరీక్షించి, బాగున్నవాటిని మళ్లీ వాడకానికి ఇస్తాం. మొదట్లో ఉన్న చిన్న టెస్టర్ బుల్లి బల్బుకు సరిపడా కరెంటే లాగేది. దాని ముందు ప్రతి ముసలి బ్యాటరీ కుర్రదే. బ్యాటరీ మీద నడిచే మిషన్లు ఎంత లాగుతాయో అంత లాగి చూడాలని పోరి, ఎలక్ట్రానిక్ లోడ్ కొనిపించాను. బ్యాటరీ చేత నిజంగా చాకిరీ చేయించి, మనం పెట్టిన హద్దుకు, అంటే కటాఫ్‌కు, వోల్టేజి దిగగానే ఆగి, అంతవరకూ ఎంత ఇచ్చిందో చెప్పే పెట్టె అది.

అది వచ్చాక మంచి బ్యాటరీలు కూడా పరీక్ష తప్పడం మొదలైంది. తీగలు పట్టుకుంటే వెచ్చగా తగిలాయి. ఆ సన్నటి తీగల్లోనే కొంత వోల్టేజి పోతోంది, పెట్టెకు తగ్గి కనబడుతోంది. అందుకని కొలత కోసమే వేరే రెండు తీగలు తెచ్చి, నేరుగా బ్యాటరీ టెర్మినళ్లకు తగిలించాను. ఆ తర్వాత పాసైన పాత బ్యాటరీల్లో ఒకదాన్ని అత్తగారి ఆక్సిజన్ మిషన్‌కు పెట్టి వచ్చాం. లైన్ల మరమ్మతని ఈ మధ్యాహ్నం నుంచి చీకటిపడే దాకా కరెంటు తీసేస్తారు. ఆవిడ ఊపిరి ఆ బ్యాటరీ మీదే.

కొత్త బ్యాటరీని నిండా ఛార్జి చేసి మళ్లీ లోడుకు పెట్టి, టెర్మినళ్ల దగ్గర మీటరు పట్టుకున్నాను. అత్తగారి మిషన్ ఆగిపోయే వోల్టేజి వచ్చింది, దాటింది. పెట్టె ఆగలేదు. ఇంకా చాలా కిందికి దిగాక ఆగింది.

"కటాఫ్ ఎవరు మార్చారు?" అని అడిగాను.

"నేనే. తీగల్లో పోతోందన్నావుగా బావా. పోయేదానికి సరిపడా దించాను. మళ్లీ నీకెందుకు తలనొప్పి అని చెప్పలేదు."

తీగల సంగతి నేను అప్పుడే సరిచేశానని చెప్పాను. అతను వంగి ఆ కొలత తీగలను టెర్మినళ్ల దాకా తడిమి చూశాడు. ఒకరికొకరు శ్రమ తప్పిద్దామనుకుని, ఒకే తప్పును ఇద్దరం చెరోసారి దిద్దాం. అత్తగారికి పెట్టిన బ్యాటరీ చీకటిపడే దాకా రాదు.

తల మీద ఫ్యాను నెమ్మదించి, ఆగింది.

అత్తగారు ఉండేది మా మరదలి దగ్గర. బావమరిది ఫోన్ చేస్తే, మిషన్ చక్కగా నడుస్తోందనీ, అమ్మ కునుకు తీస్తోందనీ చెప్పి, అంత కంగారేమిటని అన్నయ్యను వెక్కిరించింది. అతను ఫోన్ జేబులో వేసుకుని కొత్త బ్యాటరీని ఎత్తుకున్నాడు.

"అది ఖాళీ," అన్నాను.

పొద్దుటినుంచీ దాన్ని చివరి బొట్టు దాకా పీల్చింది మేమే. బల్ల మీద మిగతావీ అంతే. పరీక్షించడమంటేనే ఖాళీ చేయడం. ఛార్జి ఎక్కించడానికి కరెంటు లేదు.

"మిషన్‌కు కారు సాకెట్ వైరుందిగా," అన్నాడు, అప్పటికే తాళాలు తీస్తూ.

వాళ్ల మెట్లెక్కుతుంటే మిషన్ చప్పుడు వినబడింది. ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండే చప్పుడు. మేం మలుపు తిరిగేసరికి అది ఆగి, సన్నటి కూత మొదలైంది. అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. పెదవులు నీలం తిరుగుతున్నాయి. కుర్చీతో సహా ఎత్తాం. కింది వాటా ఆయన తలుపు తీసి, ఏమీ అడక్కుండా కుర్చీ కాలొకటి పట్టుకున్నాడు. మిషన్ పట్టుకుని మరదలు ముందు దిగింది. ఆవిడను కారు వెనక సీట్లో కూర్చోబెట్టాం.

కారు మొరాయించి, మొరాయించి స్టార్టయింది. వైరు గుచ్చాక మిషన్ కాసేపు పలకలేదు. తర్వాత ఊపిరి అందుకుంది. ఆవిడ పెదవులకు రంగు తిరిగిరావడం నేను రెప్పవేయకుండా చూశాను.

"నన్ను షికారు తిప్పాలనుంటే..." అన్నారు అత్తగారు, ఒక్కో మాటకూ ఆగుతూ, "అడగాల్సింది అల్లుడుగారూ." మరదలు నవ్వబోయి ఏడ్చింది.

ఇంజన్ అలా తిరుగుతూనే ఉండనిమ్మని బావమరిదికి చెప్పాను.

"ఆపను బావా," అన్నాడు మెల్లగా, వెనక్కి తిరగకుండా. "ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదో. ఇందులో ఉన్న బ్యాటరీ కూడా మన బల్ల మీద పాసైందే. మొన్ననే మార్చాను."

వీధిలో ఎండ ఇంకా నడినెత్తినే ఉంది. అత్తగారు నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఇంజన్ ఒకసారి తడబడి, సర్దుకుంది. ముగ్గురం దాన్నే వింటూ కూర్చున్నాం.