రేసు ముందు ఒంటి తుమ్ము

మా ఇంట్లో ఎవరైనా కూరగాయలకు బయలుదేరినా నేను గేటు దాకా వెళ్లి, వాళ్లు మలుపు తిరిగేదాకా నిలబడతాను. కాజీపేట స్టేషనులో నేను సాగనంపిన వాళ్లలో ముగ్గురు మళ్లీ రాలేదు. అప్పటినుంచి నాకీ అలవాటు. ఇది తెలిసే, నా మనవరాలు ఇందు మట్టిదారిలో బైకు రేసుకు పోతానన్నప్పుడు నా కొడుకు భానుచందర్ తెలివిగా ఒక మాట అన్నాడు.

"మీ నాయినమ్మ సంతకం పెడితే పో. నేనేమనను."

నేను పెట్టనని వాడి ధీమా. కొత్తగా రేసులో దిగేవాళ్లకు ఇంటి మనిషి ఒకరు అక్కడికే వచ్చి కాగితం మీద సంతకం చేయాలట. ఇందు ఏడాదిగా ఒక పాత బండిని విప్పుతుంది, బిగిస్తుంది, మళ్లీ విప్పుతుంది. నాతో వాదించలేదు.

"నువ్వొచ్చి చూడు నాయినమ్మా. చూసినంక వద్దంటే బండి మలుపుకొని ఇంటికొస్త," అంది. నేను ఇరుక్కుపోయాను.

రఘునాథపల్లి దాటి, హైవే దిగి, గుట్టల మధ్య పదిహేను కిలోమీటర్లు వెళ్లాం. అక్కడ ఫోను పలకదు. నీళ్లు కూడా ట్యాంకరులో రావలసిందే. బండరాళ్ల పక్కన నలభై యాభై గుడారాలు వేసుకుని, మంచం, ఫ్యాను ఉన్న ఇళ్ల పిల్లలంతా నేల మీద దొర్లుతున్నారు. మా గుడారానికి తలుపు లేదు, జిప్పు ఉంది. ఎవరో నన్ను సంచిలో పెట్టి మూతి బిగించినట్టయింది.

మర్నాడు పొద్దున్నే షామియానా కింద బల్ల వేశారు. రేసు పెట్టించే పండరి సారు ఇందు కాగితం నా ముందుకు తోశాడు.

"ఇక్కడొక్క సంతకం అవ్వా. ఎనిమిదింటికి బల్ల ఎత్తేస్తం."

నేను బడికి పోలేదు. పల్లీల పొట్లాలు విప్పి, స్టేషను బోర్డులు చూసి నా అంతట నేనే చదువు నేర్చుకున్నాను. కాగితం చేతికొస్తే చివరిదాకా చదవకుండా వదలను, నోరు విప్పకుండా చదవడం నాకు రాదు. నాలుగు పేజీలూ పైకే చదివాను. కాళ్లు చేతులు విరిగినా, ప్రాణానికే అపాయం వచ్చినా నిర్వాహకులకు సంబంధం లేదని ఉంది. వెనక వరసలో నిలబడ్డ కుర్రాళ్లు మాటలు ఆపేశారు.

"అండ్ల గట్లున్నదా?" అన్నాడు రాకేష్ అనేవాడు. "నేను సూడకనే పెట్టిన."

"మూడో పేజీల నీ బండి కాలిపోయినా అడగొద్దని కూడా ఉన్నది బిడ్డా."

"అవ్వా, జర మెల్లగ చదువు," అన్నాడు పండరి సారు. "ఉన్నోళ్లు కూడ లేచిపోయేటట్టున్నరు."

పెన్ను తీసుకున్నాను. సరిగ్గా అప్పుడు నా వెనకనున్న సారయ్య, నీళ్ల ట్యాంకరు డ్రైవరు, తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

పెన్ను ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. అక్కడ ప్రతి బండి ముందూ నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. రాకేష్ బండికి రెండు దండలు.

"తప్పయింది అవ్వా. దుమ్ము," అన్నాడు సారయ్య.

"ఇంకోటి తుమ్ము బిడ్డా. ఒంటి తుమ్ము మంచిది కాదు. జంట తుమ్మయితే శుభం."

సారయ్య ఎండలోకి వెళ్లి సూర్యుణ్ణి చూశాడు. ముక్కులో గడ్డిపోచ పెట్టుకున్నాడు. రాకేష్ వంట దగ్గరికి పరిగెత్తి చిటికెడు కారం తెచ్చి వాసన చూపించాడు. సారయ్య దగ్గాడు, ఏడ్చాడు, రాకేష్‌ను తిట్టాడు. తుమ్ము మాత్రం రాలేదు.

"నేను తుమ్మితే నడుస్తదా?" అన్నాడు పండరి సారు గడియారం చూసుకుంటూ.

"మొదలుపెట్టినోడే తుమ్మాలె."

"పోనీ, జరసేపు కూసొని నీళ్లు తాగి పెట్టరాదు?"

"అది ఊరికి పోయేటోళ్లకు సారూ. సంతకానికి నడవది."

"గా రూలు యాడున్నది?"

"మీ కాగితంల మాత్రం లేదు."

అప్పుడు ఇందు వచ్చి నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది.

"నాయినమ్మా, తాత పోయిననాడు ఎవలు తుమ్మిన్రు?"

ఆలోచించాను. మా ఆయన రాజమల్లు ఆఖరిసారి రైలెక్కిన రోజు ముత్తయిదువ నీళ్ల బిందెతో ఎదురొచ్చింది. గడియ చూసే పంపించాను. అన్నీ బాగున్నాయని ఇంటికొచ్చి హాయిగా అన్నం కూడా తిన్నాను. మిగతా ఇద్దరికీ అంతే.

"ఎవలూ తుమ్మలే," అన్నాను.

"నువ్వు పెట్టకున్నా కోపం చెయ్య. చెప్పిన గద, ఇంటికి పోదాం," అని ఇందు లేచి బండి దగ్గరికి వెళ్లి, హెల్మెట్ తీసి సీటు మీద బోర్లా పెట్టింది. మాట మీద నిలబడే పిల్ల. నేను వద్దంటే నిజంగానే ఇంటికొస్తుంది. రోజూ నా కళ్లముందే తిరుగుతుంది. ఆ బండిని మాత్రం మళ్లీ విప్పదు.

ఎనిమిదికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఒక్క సంతకం చాలన్నా వినకుండా నాలుగు పేజీల మీదా పోశవ్వ అని రాశాను. నాలుగో పేజీకి వచ్చేసరికి నా పేరు నాకే కొత్తగా కనిపించింది.

సారయ్య మొహం టమాటా పండులా ఉంది. "ఇంక తుమ్మొద్దా అవ్వా?"

"చాలు బిడ్డా. మొఖం కడుక్కో."

జెండా ఊపగానే ఇరవై బండ్లు లేపిన దుమ్ములో ఎవరు ఎవరో తెలియలేదు. ఎందుకైనా మంచిదని అందరికీ చెయ్యి ఊపాను. గుట్ట వెనక్కి వెళ్లిపోయారు. గేటు దగ్గర నిలబడ్డట్టే గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాను. ఐదు నిమిషాలయ్యాక గుట్టకు ఆ పక్కనుంచి మళ్లీ అందరూ వచ్చారు. మళ్లీ వెళ్లారు. మళ్లీ వచ్చారు. ఇలాంటి పోవడం కూడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఏడు చుట్లయ్యాక మళ్లీ జెండా ఊపి బండ్లన్నీ ఆపేశారు. ఒక్క బండి మాత్రం పదహారో స్థానంలో వచ్చి, దుమ్ములో జెండా కనబడక, అదే జోరులో గుట్ట వెనక్కి వెళ్లిపోయింది. అది ఇందు బండి.

"అయ్యో, గా పిల్ల ఆగలేదు," అని పండరి సారు విజిల్ ఊదుతూ పరిగెత్తబోయాడు.

నేను ఆయన చొక్కా పట్టుకుని ఆపాను.

"ఫికర్ చెయ్యకు సారూ. గుండ్రంగనే గద తిరుగుతాంది. ఐదు నిమిషాల్ల వస్తది."